పాటకు తాళం సరే, గొంతుకు తాళమా?

ఉగాది కార్యక్రమానికి పిల్లల పాటలు ముందే రికార్డు చేయించి పెట్టుకుందామని పోయిన ఏడాది మా బడి తల్లిదండ్రుల సమావేశంలో అనుకున్నాం. మైకు సరిగ్గా పనిచేయదు, పిల్లలు వేదిక ఎక్కగానే బిగుసుకుపోతారు, పక్కనున్న ఇంగ్లిష్ మీడియం బడివాళ్లు అలాగే చేస్తున్నారు. కారణాలు ఇవే. నేనూ చెయ్యెత్తాను. దగ్గర్లోని ఒక చిన్న స్టూడియోతో పాటకు పదిహేను వందల చొప్పున మాట్లాడుకున్నాం. మొత్తం నాలుగు పాటలు. మూడు సినిమా బాణీలు. నాలుగోది ఏడో తరగతి అమ్మాయి వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్న లాలిపాట.

వారం తర్వాత పెన్‌డ్రైవ్ వచ్చింది. స్టాఫ్ రూములో పెట్టి విన్నాం. అచ్చం టీవీలో వచ్చినట్టుంది అన్నారందరూ. ఆ అమ్మాయి పాటను వాళ్ల నాన్న ఫోన్లో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాడు. మర్నాడు అవ్వ బడికి వచ్చింది. కోపంతో కాదు, ఏదో సందేహం తీర్చుకోవడానికి వచ్చినట్టు నిలబడింది. "గొంతు మా పాపదే అయివారూ. పాట మాత్రం మాది గాదు, ఎవురిదో" అంది.

పదాలు మారలేదు. వరుస కూడా పైకి వింటే అదే. ఆ సాయంత్రం అమ్మాయిని కూర్చోబెట్టి మళ్లీ పాడించుకున్నాను, రికార్డునూ పక్కన పెట్టి విన్నాను. నేను సంగీతం మాస్టారిని కాను, లెక్కలు చెబుతాను. కానీ మా నాన్న పండరి భజనల్లో హార్మోనియం వాయించేవారు కాబట్టి స్వరం పేరు పట్టుకోగలను. తేడా గాంధారం దగ్గరుంది. అవ్వ పాటలో ఆ స్వరం ఒక మెట్టు మీద నిలబడదు. రిషభం నుంచి పాకుతూ వచ్చి, గాంధారం అంచు తాకి, పూర్తిగా ఎక్కకుండానే జారుతుంది. ఊయల కొసకు వెళ్లి వెనక్కి వచ్చినట్టుంటుంది. రికార్డులో అది గుంజ పాతినట్టు నిలబడింది. జారుడు ఉన్న ప్రతిచోటా మెట్లు పడ్డాయి.

స్టూడియో అబ్బాయిని అడిగాను. ఏమీ దాచకుండా చెప్పాడు: "స్కేల్‌లో పెట్టాను సార్. బయటికి పోయిన నోట్లన్నీ లోపలికి లాగాను. పాప బాగా పాడింది గానీ అక్కడక్కడ తప్పులున్నాయి కదా." అతని పని అతను చేశాడు. మేము చెప్పకపోవడం మా పొరపాటు. దిద్దకముందు పాడిన రికార్డు ఇవ్వమన్నాను. చోటు చాలదని తీసేశానన్నాడు.

అసలు రాయాలనిపించింది ఈ మాట వల్లే. ఈ పేజీ చదివే చాలా బడుల్లో ఇప్పుడు ఇదే జరుగుతోంది. స్టూడియో దాకా వెళ్లక్కర్లేదు, పిల్లల చేతుల్లోని ఫోన్లే ఆ పని చేసేస్తున్నాయి.

స్కేల్ అంటే ఏమిటో తెలియని తల్లిదండ్రుల కోసం కాస్త విడమరిచి చెబుతాను. హార్మోనియం పెట్టె చూసే ఉంటారు. ఒక స్థాయిలో తెల్లవీ నల్లవీ కలిపి పన్నెండు మెట్లుంటాయి. చాలా పాటలు ఆ పన్నెండింటినీ వాడవు. ఐదో, ఆరో, ఏడో ఎంచుకుని వాటితోనే నడుస్తాయి. అలా ఎంచుకున్న మెట్ల జట్టే స్కేల్. ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్, లాజిక్, ఐఫోన్‌లో వచ్చే గ్యారేజ్‌బ్యాండ్, ఏ ఫోన్‌లోనైనా ఉచితంగా దొరికే బ్యాండ్‌ల్యాబ్ లాంటి సంగీతం తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో ఆధార స్వరం ఇది, స్కేల్ ఇది అని ముందే చెప్పి పెట్టుకునే వీలుంది. చెప్పాక అవి చేసే పని మూడు రకాలు. ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కు వస్తోంది.

ఒక రకం, ఊరికే చూపిస్తుంది. ఎఫ్‌ఎల్ స్టూడియోలో పియానో రోల్ అనే గళ్ల పలక ఉంటుంది. స్కేల్ ఎంచుకుంటే జట్టులోని వరుసలు ఒక రంగులో, జట్టులో లేనివి మరో రంగులో కనబడతాయి. బయటి వరుసలో స్వరం పెట్టాలంటే పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపరు. రెండో రకం, జరుపుతుంది. పిల్లవాడు ఎక్కడ వేలు పెట్టినా స్వరాన్ని దగ్గరలోని 'సరైన' మెట్టు మీదికి తానే నెడుతుంది, లేదా బయటి మెట్లను అసలు కనబడకుండా చేస్తుంది. మూడో రకం, పాడిన గొంతునే దిద్దుతుంది. దీనికి అందరూ వాడే పేరు ఆటోట్యూన్. ఆ పేరుతో ఆంటారెస్ సంస్థ దాన్ని 1997లో బజారులోకి తెచ్చింది. కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలోకి ధ్వని తరంగాలు పంపి చమురు జాడ తీసే లెక్కల్లో పనిచేసినవాడు. లెక్కల మాస్టారిగా ఈ సంగతి నాకు భలే ఇష్టం. చమురు కోసం నేర్చిన లెక్క గొంతు మీద పనిచేయడం చిన్న తెలివి కాదు.

మన భాషలో తాళం అంటే రెండున్నాయి. చేత్తో వేసేది ఒకటి, పెట్టెకు వేసేది ఒకటి. చూపించే పని మొదటి తాళం లాంటిది, పక్కనుండి నడక గుర్తుచేస్తుంది. గొంతు దిద్దేది రెండోది.

మొదటి రెండు పనుల వల్ల నాకు ఒరిగిన మేలు ముందు చెప్పాలి, లేకపోతే అన్యాయం. మా తొమ్మిదో తరగతిలో చివరి బెంచీ పిల్లవాడొకడు. తెలుగు పద్యం అప్పజెప్పమంటే తల దించుకునేవాడు. వాళ్ల అన్న కంప్యూటర్‌లో ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్ ఉందట. ట్రయల్‌లో చేసిన పని దాచుకోవచ్చు గానీ మళ్లీ తెరవడం కుదరదు, అందుకని ఏ పాటైనా ఒక్క కూర్చోవడంలో పూర్తిచేయాలి. అలా కూర్చుని ఒక వేమన పద్యానికి వరుస కట్టాడు. మేజర్ పెంటటోనిక్ అనే స్కేల్ ఎంచుకున్నాడు. అంటే మన మోహన రాగపు ఐదు స్వరాలు: స, రి, గ, ప, ద. బయటి మెట్లు లేవు కాబట్టి ఎక్కడ నొక్కినా వినసొంపుగానే ఉంది. ఆ ధైర్యంతో అరగంట కూర్చున్నాడు. వరుసకు పదాలు సరిపోక మొదటి పాదం చాలాసేపు తిప్పలు పెట్టిందట. ఆటవెలదిలో మొదటి, మూడో పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు ఐదూ సూర్యగణాలే. నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కనిది, రెండో పాదం మొదటి దానికంటే పొట్టిగా ఎందుకు ఆగుతోందో చూసుకున్నప్పుడు ఎక్కింది. ఆ పద్యం ఇప్పుడు ఎప్పుడు అడిగినా చెబుతాడు. స్కేల్ కట్టు లేకపోతే ఐదు నిమిషాల్లో అపస్వరాలకు విసిగి లేచిపోయేవాడే.

లెక్కల తరగతికీ పనికొచ్చింది. కర్ణాటక సంగీతంలో మేళకర్తలు 72 ఎందుకు? తంజావూరులో 17వ శతాబ్దంలో వెంకటమఖి 'చతుర్దండీ ప్రకాశిక'లో వేసిన లెక్క ఇది. రి, గ జంటలు ఆరు రకాలు. ద, ని జంటలు ఆరు రకాలు. మధ్యమాలు రెండు. ఆరార్లు ముప్పై ఆరు, రెట్టిస్తే డెబ్బై రెండు. పిల్లలకు సాఫ్ట్‌వేర్‌లోని స్కేల్ పేర్ల పట్టీ ఇచ్చి మన పేర్లు వెతకమన్నాను. మేజర్ అంటే శంకరాభరణం. నేచురల్ మైనర్ నఠభైరవి, హార్మోనిక్ మైనర్ కీరవాణి. డోరియన్ మన ఖరహరప్రియ, మిక్సోలిడియన్ హరికాంభోజి, లిడియన్ కల్యాణి. సరళీ వరుసలు మొదలుపెట్టే మాయామాళవగౌళ కొన్నింటిలో డబుల్ హార్మోనిక్ అనే పేరుతో దొరుకుతుంది. అది దొరికినప్పుడు తరగతిలో చిన్న కేక పడింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడి నుంచే జాగ్రత్త కావాలి. స్కేల్ దొరికింది కాబట్టి రాగం దొరికిందని పిల్లలు అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ కూడా అలాగే అనుకుంటుంది.

బిలహరి తీసుకోండి. సంగీతం నేర్చుకునే పిల్లలందరికీ తొలి స్వరజతి దాదాపు ఆ రాగంలోదే, తెలుగు సాహిత్యమే. ఎక్కేటప్పుడు స, రి, గ, ప, ద, స. మధ్యమం, నిషాదం ఉండవు. దిగేటప్పుడు ఏడూ వస్తాయి. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. సాఫ్ట్‌వేర్‌లోని మామూలు స్కేల్ కట్టుకు ఎక్కడం, దిగడం అన్న తేడా తెలియదు. దానికి మెట్ల జట్టు ఒక్కటే తెలుసు. దిగేటప్పటి కోసం ఏడింటినీ ఒప్పుకోవాలి కాబట్టి మేజర్ అని పెడతాం. అప్పుడు పిల్లవాడు ఎక్కేటప్పుడు మధ్యమం వేసినా అది కిమ్మనదు. అంతా రంగుల గళ్లలోనే ఉంటుంది, బిలహరి మాత్రం ఉండదు.

ఇంకో పక్క చూడండి. ఆరభి, దేవగాంధారి రాగాలకు ఆరోహణ అవరోహణలు ఒకటే. కాగితం మీద పెడితే తేడా చెప్పలేం. ఆరభి చకచకా, సూటిగా నడుస్తుంది. దేవగాంధారి నిదానంగా, స్వరాలను ఊపుకుంటూ వస్తుంది. నాలుగు రోజులు విన్న పిల్లకైనా రెండూ వేరని తెలుస్తుంది. స్కేల్ పట్టీలో రెండింటికీ ఒకటే గడి. భైరవిది ఇంకో తంటా. అందులో రెండు ధైవతాలూ వాడతారు. ఏడు స్వరాల కట్టు బిగిస్తే ఒక ధైవతం బయట పడుతుంది, పాడిన ప్రతిసారీ దాన్ని తప్పని లాగేస్తుంది. ఇక తోడి గాంధారం సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని ప్రాణమే ఊగడంలో ఉంది. ఏ మెట్టు మీద ఆపినా అది తోడి కాదు.

లెక్క ప్రకారం చూసినా మెట్లు మెట్లే, గొంతు గొంతే. షడ్జమం సెకనుకు 200 కంపనాలు అనుకుందాం. తంబూరా శ్రుతికి ఒదిగి పలికే అంతర గాంధారం దానికి ఒకటింబావు రెట్లు, అంటే 250. కీబోర్డులో స్థాయిని పన్నెండు సమాన నిష్పత్తులుగా కోశారు కాబట్టి అక్కడ అది దాదాపు 252. పంచమంలో తేడా చెవికి అందనంత తక్కువ: 300కు బదులు 299.7. అంటే సహజంగా శ్రుతిలో కలిసిన పిల్ల గాంధారాన్ని సాఫ్ట్‌వేర్ పైకి జరిపి, అదే సరైనదని చూపిస్తుంది. పదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించవచ్చు, బాగా పట్టుకుంటారు.

చదువు లేని గొంతులకు ఇంకో ఇబ్బంది ఉంది. మన పిల్లలు శ్రుతి పెట్టె లేకుండా పాడతారు. నాలుగు చరణాలు గడిచేసరికి షడ్జమం మెల్లగా కిందికి జారుతుంది. పిల్ల తనకు తాను సరిగ్గానే ఉంటుంది, పాట మొత్తం కలిసి జారుతుంది కాబట్టి వినేవాళ్లకూ ఇబ్బంది ఉండదు. మేజర్ కట్టు బిగించిన సాఫ్ట్‌వేర్‌కు మాత్రం మొదటి చరణపు షడ్జమమే షడ్జమం. ఒక మెట్టు జారిన షడ్జమం సరిగ్గా నిషాదం ఉండాల్సిన చోట పడుతుంది. అది జట్టులోదే కాబట్టి ముట్టుకోదు. జారిన మధ్యమం గాంధారం చోట పడుతుంది, దాన్నీ వదిలేస్తుంది. జారిన రిషభం మాత్రం జట్టులో లేని మెట్టు మీద పడుతుంది, దాన్ని పైకో కిందికో నెడుతుంది. కొన్ని జారినచోటే ఉండి, కొన్ని జరిగిపోయి, చివరి చరణం ఎవరి పాటా కాకుండా పోతుంది. అప్పుడు మనం పిల్లను తిడతాం, సాఫ్ట్‌వేర్ పెట్టినా సరిగ్గా పాడలేకపోయావని. ఒక తండ్రి తిట్టడం నేను విన్నాను.

పాతకాలంలోనూ ఇదే గొడవ జరిగింది కదా, హార్మోనియం మీద అని కొందరు అడగవచ్చు. జరిగింది. పన్నెండు బిగిసిన మెట్లతో గమకాలు పలకవని 1940లో ఆకాశవాణి హార్మోనియంను పక్కన పెట్టింది. దాదాపు మూడు దశాబ్దాలు అలాగే సాగింది. అదే కాలంలో తెలుగు నాటకం వేదిక మీద హార్మోనియం పక్కన పద్యం ఎంత వైభవంగా మోగిందో మన పెద్దలకు తెలుసు. పెట్టె మెట్ల మీదే ఉన్నా నటుడి రాగాలాపన మెట్లు దాటి పోయేది. మా నాన్న అనేవారు, "నేను దారి చూపిస్తా, వాడు ఎగురుతాడు" అని. ఆ పెట్టె పక్కన ఉండి పలికింది గానీ గొంతులోకి దిగి స్వరం మార్చలేదు. కాబట్టి ఆకాశవాణి భయం నాకు కాస్త ఎక్కువే అనిపిస్తుంది, ఇప్పటి మన నిర్లక్ష్యం అంతకంటే ఎక్కువ అనిపిస్తుంది.

ఇది సంగీతం బళ్ల సమస్య కదా, తెలుగు బడులకెందుకు అంటారేమో. మనకే ఎక్కువ. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఒక లాలిపాట ఒక ఇంట్లో చెడిపోతే పక్క ఇంట్లో దొరుకుతుంది. హోసూరు పక్క పల్లెలో అవ్వ పాడేది, బరంపురం వీధిలో తాతమ్మ పాడేది, సోలాపూర్‌లో మగ్గం ఇంట్లో పాడేది ఒక్కోసారి ఆ ఒక్క గొంతులోనే మిగిలి ఉంటుంది. వాటికి స్వరలిపి లేదు. ముద్రించిన పుస్తకం లేదు. అవ్వ నుంచి మనవరాలికి చెవి దారినే వచ్చాయి. మనవరాలి రికార్డు చాలాసార్లు మొదటి ఆధారం, అదే చివరిదీ కావచ్చు. దాన్ని మేజర్ స్కేల్‌లోకి లాగి, అసలుది చెరిపేస్తే వెనక్కి వెళ్లే దారి లేదు.

మా అవ్వ పాటకు నవరోజు పోలికలున్నాయని ఒక సంగీతం టీచరమ్మ చెప్పారు. లాలిపాటలు, మంగళహారతులు తరచుగా పాడే రాగమది. కింది పంచమం నుంచి మధ్యస్థాయి పంచమం దాకానే తిరుగుతుంది, పై షడ్జమం తాకదు. నిద్రపోయే బిడ్డ దగ్గర గొంతెత్తి పాడరు కదా. స్టూడియో అబ్బాయి చివరి చరణానికి ఊపు రావాలని కోరస్‌లో పై షడ్జమం వేశాడు. స్కేల్‌లో ఉన్నదే వేశాడు, కాదనలేం.

మన ముందు తరాలు ఇంతకంటే కష్టమైన చోట ఇంతకంటే పెద్ద పని చేశాయి. తమిళ నేల మీద, తిరువయ్యారులో కూర్చుని త్యాగరాజు తెలుగులో పాడారు. ఆ కీర్తనలు మనదాకా వచ్చింది వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యుల ద్వారా. తెలుగు ఇంటి భాష కానివాళ్లు కూడా గురువు దగ్గర విన్నది విన్నట్టు మోశారు. ఒకే కీర్తన ఒక్కో పరంపరలో ఒక్కోలా వినిపిస్తుంది. పాఠాంతరం అంటారు. ఎవరూ మరొకరి పాఠాన్ని చెరిపేసి తమది అతికించలేదు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను, కాస్త దారి తప్పినా. స్టూడియో అబ్బాయి "బయటికి పోయినవి లోపలికి లాగాను" అన్నప్పుడు నాకు నా ఎర్ర కలం గుర్తొచ్చింది. మా పిల్లలు 'ఎవురు' అని రాస్తే కొట్టేసి 'ఎవరు' అని దిద్దుతాను. పరీక్షకు అది కావాలి, తప్పదు. కానీ ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలకు అది తప్పు కాదు, మన ఇంటి మాట అని చెప్పాను? తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం వచ్చాక మా బడుల్లో తెలుగుకు చోటు ఎలా నిలుపుకోవాలన్నదే రోజూ చర్చ. నిలుపుకున్న చోటులో ఎవరి తెలుగు వినిపిస్తోందన్నది మాట్లాడుకోం.

సరే, చేయాల్సింది ఏమిటి? ఫోన్లు లాక్కోమని నేను అనను. వరుసలు కట్టే పిల్లలకు స్కేల్ రంగులు పెట్టనివ్వండి. వాయిద్యం స్వరాలు గళ్లలో పెట్టేటప్పుడు మొదటి నెల జరిపే కట్టు ఉన్నా నష్టం లేదు. తర్వాత దాన్ని తీసి రంగులు మాత్రం ఉంచమనండి. ఏ స్వరం బయటికి పోయిందో అప్పుడు కన్ను కాదు, చెవి చెప్పాలి. గొంతు దగ్గర మాత్రం గట్టిగా ఉందాం. మొదట పాడింది పాడినట్టు రికార్డు చేసి, ఆ ఫైలును ఎవరూ ముట్టుకోకుండా వేరే చోట కాపీ పెట్టాలి. ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చారు, ఏ ఊరు, ఏ తేదీ అని నాలుగు మాటలు పాటకు ముందు నోటితోనే చెప్పించండి. కాగితం పోతుంది, ఆ మాట ఫైలుతోనే ఉంటుంది.

పాడే ముందు తంబూరా యాప్ ఒకటి పెట్టి పిల్ల షడ్జమం ఎక్కడుందో చూడండి. ఆధార స్వరాన్ని పిల్ల గొంతును బట్టి పెట్టాలి. ట్రాకు ఐదు శ్రుతిలో ఉంది కాబట్టి పిల్ల అక్కడికి ఎక్కాలనడం తిరగేసిన పని. శ్రుతి పక్కన వినబడుతుంటే చరణాలు జారడం చాలావరకు ఆగుతుంది. అదీ పాత వైద్యమే. స్టూడియోకి వెళితే రెండు మాటలు ముందే చెప్పండి: దిద్దని రికార్డు మాకు ఇవ్వాలి, జానపదం పాటకు గొంతు దిద్దకూడదు. ఎక్కడో ఒక స్వరం నిజంగానే జారిందనుకుంటే ఆ ఒక్కచోటే దిద్దించి, దిద్దే వేగం బాగా తగ్గించమనండి. వేగం ఎక్కువైతేనే జారుడు మెట్లుగా మారేది. డబ్బు ఇచ్చేముందు పాట నేర్పిన మనిషికి వినిపించండి.

పోటీల్లో వెనకబడతామని ఒక తల్లి అడిగింది. అవును, వెనకబడవచ్చు. నున్నగా మెరిసే రికార్డు పక్కన మన పిల్ల గొంతు గరుకుగానే వినిపిస్తుంది. న్యాయనిర్ణేతలు ఆ తేడా గమనించి మార్కులు వేస్తారన్న నమ్మకం నాకూ లేదు. సినిమా పాటకు కావాలంటే మెరుపు పెట్టించుకోండమ్మా, ఇంటి పాటకు వద్దు అని చెప్పాను. ఆమె ఒప్పుకున్నట్టు లేదు.

మా పాటకైతే దారి దొరికింది, అవ్వ ఉంది కాబట్టి. స్టూడియోలో చెరిపేసింది తిరిగి రాదు గానీ అవ్వ గొంతు ఉంది. ఒక ఆదివారం వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చున్నాం. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఫోన్ పట్టుకుని, యాప్‌లో దిద్దే మీట ఆపేసి నాకు చూపించాడు. ముందు అవ్వ పాడింది, తర్వాత మనవరాలు, తర్వాత ఇద్దరూ కలిసి. గాంధారం దగ్గర ఇద్దరూ ఒకేలా జారారు. పెరట్లో కోడి అరిచింది. నడుమ అవ్వకు దగ్గు వచ్చి ఆగిపోయి, "అది తీసేయండి, ఇంకోతూరి పాడతా" అంది. ఇంకోసారి పాడించుకున్నాం. దగ్గున్న ఫైలూ దాచాం.